కేశపోషణ నేర్పిన మేడం వాకర్

గని పనినుండి ఇల్లు చేరిన వాని తలయందు ఎంత బొగ్గుధూళి పేరుకొనియుండునో సెంటినరీ కాలనీ వాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. కుంకుడుకాయలు చితుకగొట్టి, వేడినీట నానవేసి, నురుగు తీసి తలంటిపోసినగాని ఆ ధూళి వదలదు. ఉపరితల గనులు వచ్చిన పిమ్మట గనిలోనికి ఎన్నడును దిగనివారి తలలకు కూడ ఆ భాగ్యము సమానముగనే లభించుచున్నది. తల కడుగుట, నూనె రాయుట, చిక్కు తీయుట మన యిండ్లలో తల్లులును అమ్మమ్మలును నేర్పు విద్య. దానిని ఎప్పుడు నేర్చితిమో కూడ మనకు జ్ఞాపకముండదు. నేర్చిన విద్యయని తోచదు.

కాని ఆ విద్య నేర్పవలసిన తల్లి పసితనముననే గతించి, నడియౌవనమున జుట్టు రాలిపోయి, తెలిసినవారిని అడిగి అడిగి నేర్చుకొని, నేర్చినదానిని వేలకొలది స్త్రీలకు బ్రతుకుతెరువుగా పంచియిచ్చిన యొక స్త్రీ అమెరికా దేశమున నుండెను. ఆమె పుట్టినింటి పేరు శారా బ్రీడ్‌లవ్. లోకము ఆమెను మేడం సి. జె. వాకర్ అని యెరుగును.

ఆమె కథ తెలిసికొనుటకు ముందు ఆమె జాతివారి జుట్టు సంగతి కొంత తెలిసికొనుట మేలు. అది మనకు బొత్తిగా క్రొత్తది కాదు. హైదరాబాదులో మాసబ్ టాంకు చెంత ఏ. సి. గార్డ్సు అను పేట కలదు. నిజాము ప్రభువుల కొలువున ఆఫ్రికా వారితో కూడిన గుఱ్ఱపుదళ మొకటి యుండెడిది. దాని యింగ్లీషు పేరులోని తొలి అక్షరములే ఆ పేటకు పేరై నిలిచెను. ఆ దళపువారి సంతతియగు సిద్దీలు నేటికిని ఆ నగరమున నున్నారు. వారిలో పెక్కుమంది తలలయందు సన్నని తీగచుట్టలవలె దగ్గరదగ్గరగా చుట్టుకొనియుండు జుట్టును చూడవచ్చును. ఆఫ్రికా సంతతివారి జుట్టు ఈ తీరుదే.

ఆ చుట్టలకు కారణము చర్మము క్రిందనే యున్నది. నిటారైన జుట్టు గలవారి కుదురు చర్మములో ఇంచుమించు తిన్నగా నుండును. చుట్టజుట్టు కుదురు కొడవలివలె వంగియుండును. వెంట్రుక కూడ గుండ్రముగ గాక నొక్కిపెట్టినట్లు కొంత చదునుగా నుండును. అందుచేత మొలచుచునే అది చుట్టుకొనును. మాడున సహజముగ ఊరు జిడ్డు తిన్ననైన వెంట్రుకవెంట జారినట్లు ఈ మెలికలవెంట కొసదాక జారజాలదు. కనుక మాడు జిడ్డుగనున్నను కొసలు ఎండి పెళుసెక్కును. ప్రతి మెలికయు తెగుటకు వీలైన తావే. సన్నపండ్ల దువ్వెనతో మాడునుండి క్రిందికి బలముగ దువ్వినచో అది దువ్వుట కాదు, త్రెంచుట. ఇట్టి జుట్టును నీటితోగాని నూనెతోగాని మెత్తపరచి, వెడల్పు పండ్ల దువ్వెనతో కొసలనుండి ప్రారంభించి మెల్లమెల్లగా పైకి చిక్కు తీసికొని పోవలెను. ఆఫ్రికా ఖండమున తరతరములుగ ఈ సంగతి తెలిసి, అందుకు తగిన దువ్వెనలు, నూనెలు, అల్లికలు ఏర్పడియుండెను. బానిసలుగ ఓడలకెక్కింపబడి సముద్రము దాటిన లక్షలమందికి దువ్వెన మిగులలేదు, దువ్వుకొను తీరికయు మిగులలేదు. పైగా అట్టి జుట్టు వికారమని యజమానులు వెక్కిరించిరి. తరములు గడచునప్పటికి తమ జుట్టును తామే అసహ్యించుకొను స్థితి పెక్కుమందికి కలిగెను. శారా పుట్టినది ఆ స్థితిలో.

1867 డిసెంబరు 23వ తేదీన లూసియానా రాష్ట్రమున మిసిసిపీ నది యొడ్డున డెల్టా అను గ్రామము చెంత, ఒక పత్తితోట యందలి గుడిసెలో ఆమె జన్మించెను. తండ్రి ఓవెన్, తల్లి మినర్వా ఆ తోటలోనే బానిసలుగ నుండినవారు. బానిసత్వము 1865లో రద్దయినందున ఆ యింట స్వతంత్రురాలిగ పుట్టిన మొదటి బిడ్డ ఈమెయే. స్వాతంత్ర్యము వచ్చెనుగాని పత్తి తీయుట తప్పలేదు. ఏడేండ్లు నిండునప్పటికి తలిదండ్రులిద్దరును గతించిరి. అక్క లువీనియా పంచన చేరి, పదియేండ్ల ప్రాయమున నది దాటి విక్స్‌బర్గు పట్టణమునకు పోయి, ఇండ్లలో చాకిరి చేసెను. బావ క్రూరుడు. ఆ యిల్లు విడుచుటకై పదునాలుగేండ్లకే మోజెస్ మెక్‌విలియమ్స్ అను వానిని పెండ్లాడెను. 1885లో లీలియా అను కుమార్తె పుట్టెను. ఇరువది యేండ్లకు విధవ యయ్యెను. బడిచదువు ఆమెకు మొత్తము మీద మూడు నెలలకు మించలేదు.

1888 ప్రాంతమున ఆమె బిడ్డతో సెయింట్ లూయీ నగరమునకు చేరెను. అన్నలు అచ్చట క్షౌరశాల నడుపుకొనుచుండిరి. శారాకు దొరికిన పని బట్టలుతుకుట. నాడు నల్లజాతి స్త్రీలకు సులభముగ దొరకు పనులలో అదియొకటి. పెద్ద కొప్పెరలో నీరు కాచి, బట్టలు ఉడకబెట్టి, క్షారపు సబ్బుతో రుద్ది, పిండి, ఆరవేసి, ఇస్త్రీ చేసి దినమునకు ఇంచుమించు ఒక డాలరు సంపాదించెడిది. ఆ డాలరులోనే కూతురి చదువునకు కొంత దాచెడిది. మధ్యలో రెండవ వివాహ మొకటి జరిగెను. అది సుఖమీయలేదు, నిలువలేదు.

ఆ కొప్పెరల చెంతనే ఆమె జుట్టు రాలుట మొదలయ్యెను. కారణములు ఇప్పుడు మనకు స్పష్టముగ కనబడుచున్నవి. పేదల యిండ్లలో కుళాయి లేదు. చలిదేశమున నీరు తెచ్చి, కాచి, తలంటుకొనుట పెద్ద పని. అందువలన నెలకొకమారు తల కడుగుట కూడ వారికి గొప్పయే. కడిగినను బట్టలకు వాడు క్షారపు సబ్బే తలకును. మాడు పొక్కి చుండ్రు పట్టెను, పుండ్లు లేచెను. తిండి చాలదు, మనశ్శాంతి లేదు. నగరమంతయు బొగ్గుపొగ. వీనికి తోడు తలగుడ్డ బిగించి కట్టుట, జుట్టును లాగి లాగి అల్లుట వలన కణతల చెంత వెంట్రుకలు వేరుతో ఊడెడివి. బడిపిల్లలకు రిబ్బన్లతో రెండు జడలు బిగించు మన తల్లులు ఈ మాటను గమనింపవలెను. నిత్యము బిగించి లాగినచో ఏ జాతి జుట్టయినను నుదుటి అంచున పలుచబడును. ఎక్కువకాలము లాగినచో మరల మొలవదు.

బట్టతల మగవానికి నవ్వులాట. స్త్రీకి, అందును అప్పటికే తన జుట్టును చూచి సిగ్గుపడు సంఘమున పుట్టిన స్త్రీకి, అది ముఖము దాచుకొనవలసిన సంగతి. శారా దేవునికి మొరపెట్టుకొనెను. దానితో ఆగక తెలిసినవారిని అడిగెను. ఆమె జీవితమంతయు ఈ రెండవ పనిలో నున్నది.

మొదట అడిగినది అన్నలను. క్షౌరశాలలో దినమంతయు తలలు చూచు వారికి ఏ మాడు ఎట్లుండునో, ఏ లేపనము దేనికి పనిచేయునో కొంత తెలియును. తరువాత అంగడులలో అమ్ము మందులు కొని తన తలమీదనే పరీక్షించుకొనెను. ఇంతలో ఆనీ టర్న్‌బో అను స్త్రీ ఆ నగరమునకు వచ్చెను. ఈమెయు నల్లజాతిదే; చిన్ననాటినుండి రసాయనశాస్త్రమన్నను మూలికలన్నను మక్కువ గలది. మాడును శుభ్రపరచి జుట్టు పెరుగుటకు తోడ్పడు లేపన మొకటి తయారుచేసి ఇంటింటికిని తిరిగి అమ్ముచు, అమ్మినచోటనే తల కడిగి చూపుచు, స్త్రీలకు నేర్పుచుండెను. ఆమె పద్ధతి వలన శారా జుట్టు తిరిగి మొలచినదని ఆనీ పక్షమువారు చెప్పెదరు. శారా ఆమెకు ఏజెంటుగా చేరి ఆ సరకు అమ్మిన మాట నిజము. వారిరువురకు పిమ్మట వైరమేర్పడెను. శారా తన విద్యను అపహరించినదని ఆనీ నిందించెను. శారా మాత్రము తన మందు దైవదత్తమనియు, స్వప్నమున నొక పెద్దమనిషి కనబడి దినుసులు చెప్పెననియు, వానిలో కొన్ని ఆఫ్రికానుండి తెప్పించితిననియు లోకమునకు చెప్పుకొనెను.

స్వప్నపు మాట ఎట్లున్నను దినుసులు మాత్రము రహస్యములు కావు. గంధకము, మైలుతుత్తము, తేనెమైనము, వాసెలిన్, కొబ్బరినూనె, మంచి వాసనకు కొంత పరిమళము. చర్మవ్యాధులకు గంధకపు లేపనము వాడుట వైద్యులకు అంతకుముందు నుండియు తెలిసినదే. చుండ్రును, పుండ్లను గంధకము తగ్గించెడిది; మిగిలినవి మాడును మెత్తపరచెడివి. మాడు నయమైనచో సహజముగనే వెంట్రుక మొలచెడిది. ఇందులో మంత్రము లేదు. ఆనీ టర్న్‌బోకు రావలసిన గౌరవమును తగ్గించి శారా కథను పెంచుటయు న్యాయము కాదు. కేశపోషణను వ్యాపారముగను విద్యగను నిలిపినవారిలో ఆనీ ముందుగా నడచినది. ఆమెయు గొప్ప ధనవంతురాలై, పోరో కాలేజి అను విద్యాలయమును స్థాపించి, 1957లో గతించెను. ఇంటింటికి పోయి చెప్పుట, చెప్పినది ఎదుట చేసి చూపుట, చూచినవారినే చెప్పువారిగా మార్చుట ఆమె చూపిన త్రోవ. శారా ఆ త్రోవను రాజమార్గముగా వెడల్పు చేసెను.

1905లో శారా డెన్వరు నగరమునకు పోయెను. అప్పుడామె చేత నున్నది ఒకటిన్నర డాలరు మాత్రమేనని తరువాత చెప్పుకొనెడిది. అచ్చట ఒక ఔషధశాల యజమాని యింట వంటమనిషిగ కుదిరెననియు, దినుసులను గూర్చిన జ్ఞానము ఆయన వలన కొంత వృద్ధియయ్యెననియు చెప్పుదురు. మరుసటి సంవత్సరమున వార్తాపత్రికలకు ప్రకటనలు సమకూర్చు పనిచేయు చార్లెస్ జోసెఫ్ వాకర్‌ను వివాహమాడెను. ప్రకటన యన్న నేమో, పేరు యొక్క విలువ యేమో ఈ భర్తకు తెలియును. నాడు తెల్లవారు నల్లజాతి స్త్రీలను వయసుతో నిమిత్తము లేక పేరు పెట్టియో, ఇంకను చులకనగనో పిలిచెడివారు. మేడం అను బిరుదును ముందు చేర్చి, డబ్బామీద తన బొమ్మయే ముద్రించి, ఆమె మేడం సి. జె. వాకర్ అయ్యెను. ఇష్టమున్నను లేకున్నను కొనువారు అమ్మువారు ఆమెను గౌరవముతోనే పిలువవలసి వచ్చెను.

భర్త కొద్దిపాటి ఆదాయముతో తృప్తిపడువాడు. ఆమె అట్టిది కాదు. 1906 నుండి రెండేండ్లు దక్షిణ రాష్ట్రములన్నియు తిరిగెను. చర్చీలలోను సంఘపు కూటములలోను ఒక స్త్రీని కూర్చుండబెట్టి, తల కడిగి, మందు రాచి, దువ్వి చూపెడిది. ఆమె పద్ధతిని ఇచ్చట కొంత వివరించుట అవసరము. మొట్టమొదట మెత్తని షాంపూతో తల కడుగవలెను. అదియును అప్పటి వాడుక కంటె తరచుగ కడుగవలెను. తరువాత మాడునకు లేపనము రాచి వ్రేళ్ళతో మర్దించవలెను. కణతల చెంత పలుచబడినచోట వేరొక లేపనము, పొక్కిన మాడునకు మరియొకటి. పిదప గ్లాసీన్ అను పలుచని తైలము పట్టించి, ఇనుప దువ్వెనను వేడిచేసి దువ్వవలెను. ఈ చివరి మెట్టు వలన చుట్టలు కొంతసేపు తిన్ననగును. వేడి దువ్వెనను ఆమెయే కనిపెట్టినదని పెక్కు పుస్తకములలో వ్రాయబడియున్నది, అది పొరపాటు. అట్టి దువ్వెనలు ఆమెకు ముందే ఐరోపాలోను అమెరికాలోను అమ్ముడగుచుండెను.

1908లో ఆమె పిట్స్‌బర్గు చేరెను. మన కోల్‌బెల్టు వంటిదే ఆ నగరము. చుట్టును బొగ్గుగనులు, నడుమ ఉక్కు కర్మాగారములు, పగలే దీపములు వెలిగించునంతటి పొగ. గనులలోను కొలుముల చెంతను పనికి దక్షిణమునుండి నల్లజాతి కుటుంబములు వచ్చి చేరుచుండెను. మసి తగులని తల అచ్చట ఉండదు. అట్టిచోట ఆమె కుమార్తె పేర లీలియా కాలేజి స్థాపించి, స్త్రీలకు కేశపోషణ నేర్పి, నేర్చినవారికి యోగ్యతాపత్రమిచ్చెను. దూరమున నున్నవారికి టపా ద్వారా ఇరువదియైదు డాలర్లకు పాఠములు పంపెడివారు. తల కడుగుటకు పాఠమేమి, దానికి పట్టమేమి యని నవ్వినవారు లేకపోలేదు. కాని ఆ కాగితము గోడకు తగిలించుకొన్న స్త్రీ మరల ఒకరి యింట బట్టలుతుకవలసిన పనిలేదు. తన యింట ఒక గది, ఒక కుర్చీ, ఒక పొయ్యి, కొన్ని డబ్బాలు, అంతటితో దుకాణమే.

1910లో ఇండియానాపొలిస్ నగరమును కేంద్రముగ చేసికొని కర్మాగారము కట్టించెను. ఆ నగరమునుండి నలుమూలలకును రైలుమార్గములుండుట టపా వ్యాపారమునకు అనుకూలము. 1911లో పదివేల డాలర్ల మూలధనముతో కంపెనీ రిజిస్టరు చేయించెను. ఫ్రీమన్ రాన్సం అను న్యాయవాది వ్యవహారములు చూచెను. ఆలిస్ కెల్లీ అను ఉపాధ్యాయిని కర్మాగారపు పెత్తనము వహించుచు, సాయంకాలములందు యజమానురాలికి వ్రాతయు మాటతీరును నేర్పెను. నలుబది దాటిన వయస్సున, ధనము వచ్చిన పిమ్మట, తన క్రింద జీతము తీసికొను మనిషి యెదుట కూర్చుండి అక్షరములు దిద్దుకొనుట అందరికిని సాధ్యమగు పని కాదు. రాత్రిబడిలో పలక పట్టిన పెద్దలకు ఆ కష్టము తెలియును.

ఇండియానాపొలిస్‌లో జరిగిన యొక చిన్న సంగతి. ఆమె ఒక సినిమాశాలకు పోయి పది సెంట్ల నాణెమిచ్చి టిక్కెటు అడిగెను. నల్లవారికి ఇరువదియైదు సెంట్లని టిక్కెట్లమ్ము మనిషి చెప్పెను. ఆమె ఇంటికి మరలివచ్చి న్యాయవాదిచేత దావా వేయించెను. తన సొంత నాటకశాల కట్టింపవలెనను తలంపు అప్పుడే పుట్టెనని చెప్పుదురు. ఆమె పేరిట ఆ నగరమున వెలసిన భవనమునందు కర్మాగారముతో పాటు నాటకశాలయు నుండెను; అయితే అది పూర్తియగునప్పటికి 1927 వచ్చెను, ఆమె గతించి ఎనిమిదేండ్లు దాటెను.

1912లో చికాగో నగరమున నల్లజాతి వ్యాపారుల మహాసభ జరిగెను. అధ్యక్షుడు బుకర్ వాషింగ్టన్, ఆ కాలపు నల్లజాతి నాయకులలో అగ్రగణ్యుడు. కేశపోషణ వ్యాపారమన్న ఆయనకు చిన్నచూపు. జుట్టు తిన్నన చేసికొనుట తెల్లవారిని అనుకరించుటయే యని ఆయన తలంపు. ఇతరులు ఆమెకు మాటలాడ అవకాశమిమ్మని కోరినను ఆయన విననట్లే యుండెను. మూడవ దినమున ఆమె పిలుపు లేకయే లేచి నిలిచి, పత్తిచేనునుండి బట్టల కొప్పెరకు, కొప్పెరనుండి వంటయింటికి, వంటయింటినుండి తన సొంత కర్మాగారమునకు తాను నడచివచ్చిన త్రోవను ఆ మగవారందరికిని వినిపించెను. మరుసటి సంవత్సరము అదే సభలో ఆమె ఆహ్వానింపబడిన వక్త. ఆ యేడు ఆమె జమైకా, క్యూబా, హైతీ, కోస్టారికా, పనామా ప్రాంతములకు పోయి అచ్చటి స్త్రీలకును తన పద్ధతి చూపెను.

వాషింగ్టన్ వేసిన ప్రశ్న మాత్రము సభతో తీరలేదు, నేటికిని తీరలేదు. తల్లిగర్భమునుండి వచ్చిన చుట్టజుట్టును ఇనుప దువ్వెనతో తిన్నన చేసికొనుట ఆరోగ్యమా, ఆత్మగౌరవ లోపమా? మేడం వాకర్ తన ప్రకటనలలో తిన్నన చేయుట అను మాటను వాడనీయలేదు. తాను మాడునకు చికిత్స చేసి జుట్టు పెంచుదాననే గాని జుట్టు తీరు మార్చుదానను కానని పట్టుపట్టెడిది. ఆమె మాటలో నిజాయితీ కలదు. కాని వేడి దువ్వెన ఆమె పద్ధతిలో నుండిన మాటయు నిజమే. నాడు పనియిచ్చువారు జుట్టు చూచి వెనుకకు పంపుచుండ, పొట్టకూటికై పోవు స్త్రీకి సిద్ధాంతము బోధించుట సులభము కాదు. అయినను నేటి చర్మవైద్యులు చెప్పునది ఇది: అతివేడి వెంట్రుకను పెళుసుచేయును, మాడును కాల్చును, తరచుగ వాడినచో మేలు కంటె కీడే యెక్కువ. వారానికో రెండు వారములకో ఒకమారు మెత్తని షాంపూతో కడుగుట, తడిగా నున్నప్పుడే నూనె వంటిది పట్టించి తేమ నిలుపుట, కొసలనుండి చిక్కు తీయుట, బిగువు లేకుండ అల్లుట, రాత్రి పట్టుగుడ్డ చుట్టుకొనుట ఇప్పటి నిపుణుల సలహా. కొబ్బరినూనె వెంట్రుక లోనికి చొచ్చి దాని బలము తరుగకుండ కాపాడునని మనదేశపు శాస్త్రజ్ఞులే పరీక్షించి తేల్చిరి. మేడం వాకర్ పద్ధతిలోని మొదటి మూడు మెట్లు నిలిచినవి, నాలుగవది సందేహమున పడినది అనవచ్చును. 1960లలో ఆమె మనుమల వయస్సు వారు వేడి దువ్వెనను పారవేసి, చుట్టజుట్టును సహజముగ పెంచి, అదియే అందమని వీథులలో తలయెత్తుకొని తిరిగిరి.

1917 ఆగస్టులో ఫిలడెల్ఫియా నగరమున ఆమె ఏజెంట్ల మొదటి మహాసభ జరిగెను. రెండువందలకు పైగా స్త్రీలు వచ్చిరి. ఎక్కువ సరకు అమ్మినవారికే గాక, తమ ఊరి మంచిపనులకు ఎక్కువ చందా యిచ్చినవారికిని బహుమతులిచ్చెను. ఆ యేడు జూలైలోనే తూర్పు సెయింట్ లూయీలో తెల్లవారి గుంపులు నల్లజాతివారి ఇండ్లు తగులబెట్టి పలువురిని చంపిరి. ఆమె యౌవనము గడచిన నగరమునకు నది ఆవలి యొడ్డే అది. న్యూయార్కు వీథులలో వేలమంది నోరు మెదపక నడచిన నిరసన యాత్రకు తోడ్పడినవారిలో ఆమె యొకతె. విచారణ లేక గుంపులు మనుష్యులను చంపుటను జాతీయ నేరముగ శాసించవలెనని కోరు విజ్ఞాపనతో హార్లెం నాయకులతో కలిసి అధ్యక్షుడు విల్సన్ సౌధమునకు పోయెను. అధ్యక్షుడు వారికి దర్శనమీయలేదు. ఆమె మహాసభకు వచ్చిన ఏజెంట్లు, దువ్వెనలు డబ్బాలు అమ్ముకొను స్త్రీలు, అదే కోరికతో అధ్యక్షునికి తంతి పంపిరి. వ్యాపార సభనుండి అట్టి తంతి పోవుట ఆ దేశమున అరుదైన సంగతి.

1918లో న్యూయార్కు సమీపమున హడ్సన్ నది చెంత విల్లా లెవారో అను గొప్ప భవనము కట్టించెను. దాని నమూనా గీసిన వర్ట్‌నర్ టాండీ కూడ నల్లజాతివాడే. అందులో ఆమె నివసించినది ఒక యేడాది మాత్రమే. రక్తపుపోటును మూత్రపిండముల వ్యాధియు ముదిరెను. వైద్యులు విశ్రాంతి చెప్పినను ఆమె తిరుగుట మానలేదు. గుంపుహత్యల నిరోధ నిధికి ఐదువేల డాలర్లు ప్రకటించిన కొలది కాలమునకే, 1919 మే 25వ తేదీన, యేబదియొకటవ యేట కన్నుమూసెను. స్వార్జితముతో పదిలక్షల డాలర్లు కూడబెట్టిన మొదటి స్త్రీ యని ఆమెను లోకము చెప్పుకొనును. ఆస్తి లెక్కలు వ్రాయగా ఆరేడు లక్షల లోపే తేలెను. బ్రతికియున్నప్పుడు తాను ఇంకను అంతటి ధనవంతురాలిని కానని ఆమెయే పత్రికలవారికి చెప్పియుండెను. కంపెనీ మీది లాభములలో మూడింట రెండు పాళ్ళు ధర్మకార్యములకు చెందునట్లు మరణశాసనము వ్రాసెను.

కుమార్తె లీలియా తరువాత కంపెనీ ఆధిపత్యము వహించి 1931లో గతించెను. కంపెనీ 1981 వరకు నడచెను. 1998లో అమెరికా తపాలాశాఖ ఆమె బొమ్మతో బిళ్ళ వెలువరించెను. ఇండియానాపొలిస్ యందలి భవనము ఇప్పటికిని నిలిచి సాంస్కృతిక కేంద్రముగ నున్నది. ఆమె కంపెనీ కాగితములును, ఉత్తర ప్రత్యుత్తరములును ఆ నగరమునందలి ఇండియానా చరిత్ర సంఘపు గ్రంథాలయమున భద్రపరుపబడియున్నవి. మూడు నెలల చదువుతో జీవితము ప్రారంభించినామె సంతకములు ఆ కాగితములపై వరుసగ చూడవచ్చును.